కొలిస్టిన్ నిరోధకత: ఎం.సి.ఆర్-1 ప్రోటీను పాత్ర

ఇతర మందులకు లొంగని గ్రామ్ నెగటివ్ బాక్టీరియా వ్యాధులకు వైద్యులు చివరగా ఆశ్రయించే మందులలో కొలిస్టిన్ ఒకటి. మూత్రపిండాలకు హాని కలిగించు గుణం వలన 1970ల నాటికి మానవ వైద్యంలో దీని వాడకం బాగా తగ్గింది. అయితే అనేక దేశాలలో పశువులు, కోళ్ళ దాణాలో పెరుగుదల కొరకు కలపడం మాత్రం కొనసాగింది.

ఈ బాక్టీరియా వెలుపలి పొరలోని లిపిడ్-ఎ అణువులపై ఋణావేశం గల ఫాస్ఫేట్ సమూహాలుంటాయి. ధనావేశం గల కొలిస్టిన్ వాటికి అతుక్కొని, పొరను పట్టి ఉంచే కాల్షియం, మెగ్నీషియం అయాన్లను తొలగించి పొరను ఛిద్రం చేస్తుంది. ఎం.సి.ఆర్-1 కణపు లోపలి పొరలో ఉండే ఎంజైము. ఇది పొరలోని ఫాస్ఫోలిపిడ్ నుండి ఫాస్ఫోఇథనోలమైన్‌ను గ్రహించి లిపిడ్-ఎ ఫాస్ఫేట్‌కు చేరుస్తుంది. దానితో ఋణావేశం తగ్గి మందుకు పట్టు దొరకదు. బీటా-లాక్టమేజ్ పెన్సిలిన్‌ను విచ్ఛిన్నం చేసినట్లు ఇది మందును ఏమీ చేయదు; మందు చేరవలసిన చోటునే మారుస్తుంది. విద్యార్థులు ఈ భేదాన్ని గుర్తుంచుకోవాలి.

క్రోమోజోములోని ఉత్పరివర్తనల వలన కలిగే కొలిస్టిన్ నిరోధకత పూర్వమే తెలిసినది. అది ప్రధానంగా ఆ బాక్టీరియా సంతతికే పరిమితం. చైనాలో పందుల నుండి వేరుచేసిన ఇ. కోలైలో ఎం.సి.ఆర్-1 జన్యువు ప్లాస్మిడ్‌పై ఉన్నదని 2015 నవంబరులో వెల్లడి కావడంతో ఆందోళన మొదలైంది. ప్లాస్మిడ్ ఒక జాతి బాక్టీరియా నుండి మరొక జాతికి చేరగలదు. ఆ అధ్యయనంలోనే పచ్చి మాంసంలోను, రోగులలోను ఈ జన్యువు కనిపించింది.

మందు లేనపుడు ఈ ప్రోటీను తయారీ బాక్టీరియాకే భారం. 2017లో చైనా దాణాలో కొలిస్టిన్‌ను నిలిపివేసిన పిదప, పందులలో ఈ జన్యువు గల ఇ. కోలై గణనీయంగా తగ్గింది. భారత ప్రభుత్వం 2019 జూలైలో ఆహారోత్పత్తి పశువులు, కోళ్ళు, ఆక్వా సాగు, దాణా మిశ్రమాల కొరకు దీని తయారీని, అమ్మకాన్ని నిషేధించింది. విస్తరణ శాస్త్రవేత్తలు కోళ్ళఫారాలను సందర్శించినపుడు దాణా ప్రీమిక్స్ లేబుళ్ళను స్వయంగా చదవడం మేలు.

నమూనాల పరీక్షలో ఒక జాగ్రత్త అవసరం. కొలిస్టిన్ అగార్‌లో సరిగా వ్యాపించదు గనుక సాధారణ డిస్క్ పరీక్ష ఫలితం నమ్మదగినది కాదు. బ్రాత్ మైక్రోడైల్యూషన్ పద్ధతినే అనుసరించాలి. పైగా కొన్ని ప్లాస్మిడ్లు ఎం.సి.ఆర్-1తో పాటు ఇతర మందుల నిరోధక జన్యువులను కూడా మోస్తాయి. అట్టి చోట కొలిస్టిన్ మానివేసినా, ఆ ఇతర మందుల వాడకం సాగినంత కాలం ఈ జన్యువు నిలిచి ఉండగలదు.