సుమిదా పేట వాననీళ్ళు

జపాను రాజధాని టోక్యో మహానగరంలో 23 ప్రత్యేక వార్డులున్నవి. వార్డును జపాను భాషలో ‘కు’ అంటారు. మనం పేట అనుకోవచ్చు. అయితే ఇవి మామూలు పేటలు కావు. ప్రతి పేటకూ జనం ఎన్నుకున్న మేయరు ఉంటాడు, సభ ఉంటుంది, సొంత ఖజానా ఉంటుంది. ఈ 23 పేటల్లో ఒకటి సుమిదా. దాని వైశాల్యం 14 చదరపు కిలోమీటర్లకు కాస్త తక్కువ. ఆ కాస్త చోటులోనే 2 లక్షల 70 వేలమందికి పైగా జనం కాపురం ఉంటున్నారు.

పటంలో చూస్తే ఈ పేట నీళ్ళ మధ్య ఇరుక్కున్నట్టుంటుంది. పడమటి హద్దు సుమిదా నది. ఈశాన్యాన అరకావా అనే మరో పెద్ద ప్రవాహం. ఈ రెండోది అక్కడ సహజంగా పుట్టింది కాదు. 1910లో గొప్ప వరద వచ్చి ఊళ్ళు మునిగిపోతే, వరద నీటిని పక్కదారి పట్టించటానికి మనుషులు తవ్విన కాలువ అది. పని పూర్తి అయేసరికి 1930 వచ్చింది. ఇవి కాక పేట లోపల కూడా కాలువలున్నవి.

ఇన్ని నీళ్ళున్న చోట నిప్పుకు భయపడటం దేనికి? నేను పంతులుగా ఉన్న రోజుల్లో నదులన్నీ పటంలో చూపించి, పిల్లల చేత పేర్లు వల్లె వేయించి, పటం చుట్టి పెట్టేసేవాణ్ణి. ఊరి పక్కన నది ఉండటం వేరు, ఇల్లు అంటుకున్నప్పుడు గుమ్మం ముందు నాలుగు బకెట్ల నీళ్ళుండటం వేరు. ఈ పేట చరిత్ర చదివేదాకా నాకా సంగతి తట్టలేదు.

టోక్యోను పూర్వం ఎడో అనేవారు. అప్పుడు దేశాన్ని షోగన్ అనే సేనాధిపతులు పాలించేవారు. శత్రువులు సులువుగా నది దాటి రాకుండా ఉండాలని వారు నగరం వద్ద సుమిదా నది మీద వంతెనలు కట్టనివ్వలేదు. ఎగువన ఎక్కడో ఒక్కటే ఉండేది. 1657లో ఎడో నగరం అంటుకున్నది. ఇళ్ళన్నీ కొయ్యవి, తలుపులు కాగితంవి, పైన ఈదురుగాలి. జనం పరుగెత్తి పరుగెత్తి నది ఒడ్డుకు చేరారు. దాటటానికి వంతెన లేదు. వెనక మంట, ముందు నీళ్ళు. ఆ అగ్నిప్రమాదంలో మొత్తం లక్షమందికి పైగా చనిపోయారని లెక్క.

దిక్కులేని శవాలను షోగన్ ఆవలి ఒడ్డున, అంటే ఇప్పటి సుమిదా పేటలో, ఒకేచోట పాతిపెట్టించాడు. అక్కడే ఎకోయిన్ అనే బౌద్ధాలయం వెలిసింది. ఆ తరవాత కొద్ది ఏళ్ళలోనే నదికి వంతెన వేశారు. దానికి రియోగొకు వంతెన అని పేరు వచ్చింది. రియోగొకు అంటే ‘రెండు సీమలు’. పడమటి ఒడ్డు ముసాషి సీమ, తూర్పు ఒడ్డు షిమోసా సీమ. తరవాత తూర్పు ఒడ్డు కూడా ముసాషిలోనే చేరింది. వంతెన రావటంతో జనం నది దాటి వచ్చి హోంజో అనే చోట ఇళ్ళు కట్టుకున్నారు. అంటే ఈ పేటకు పురుడు పోసింది ఒక అగ్నిప్రమాదమే.

హోంజోలోనే 1760లో హొకుసాయి అనే చిత్రకారుడు పుట్టాడు. విరుచుకుపడే పెద్ద కెరటం, దాని కింద పడవలు, దూరాన చిన్నగా ఫ్యూజీ పర్వతం ఉన్న బొమ్మను మీరు ఎక్కడో అక్కడ చూసే ఉంటారు. అది ఆయనదే. ఆయన తన జీవితంలో 90కి పైగా ఇళ్ళు మారాడట. ఆయన బొమ్మలకు ఈ పేటలో 2016లో ఒక ప్రదర్శనశాల తెరిచారు. ఎకోయిన్ ఆలయం ఆవరణలో సూమో కుస్తీలు జరిగేవి. ఆ సంప్రదాయమే ఈనాటికీ నడుస్తున్నది. కుస్తీ మందిరం సంగతి ముందు వస్తుంది.

1923 సెప్టెంబరు 1వ తేదీ. మధ్యాహ్నం పన్నెండు కావటానికి రెండు నిమిషాలున్నది. ఇళ్ళలో పొయ్యిల మీద అన్నాలు ఉడుకుతున్నవి. అప్పుడు భూమి కంపించింది. కొయ్య ఇళ్ళు పొయ్యిల మీద కూలి వందచోట్ల నిప్పు లేచింది. ఆర్పుదామంటే నేలలో నీటి గొట్టాలు పగిలిపోయినవి.

హోంజోలో సైన్యానికి దుస్తులు తయారుచేసే కర్మాగారం ఉండేది. అది వేరే చోటికి తరలిపోగా, ఆ స్థలం ఉద్యానవనం చేయటానికని ఖాళీగా ఉన్నది. ఇంత మైదానంలో నిప్పు ఏం చేస్తుందిలే అని సుమారు 40 వేలమంది పరుపులూ, పెట్టెలూ, బండ్లూ వేసుకుని అక్కడ చేరారు. మంటలు చుట్టూ వచ్చినవి. సామాన్లు అంటుకున్నవి. ఆపైన అగ్ని సుడిగాలి లేచింది.

వేసవిలో బడి ఆవరణలో దుమ్మూ, ఎండుటాకులూ గిర్రున తిరుగుతూ పైకి లేవటం మీరు చూశారు గదా. నేల వేడెక్కితే దాని మీది గాలి తేలికై పైకి పోతుంది, ఆ ఖాళీలోకి చుట్టూ ఉన్న గాలి దూసుకు వచ్చి సుడి తిరుగుతుంది. ఎండకే అంత అయితే, ఊరంతా మండుతున్నప్పుడు లేచే సుడి ఎట్లా ఉంటుందో ఊహించండి. అది మనుషుల్నీ, బండ్లనూ కూడా ఎత్తి విసిరింది. ఆ ఒక్క మైదానంలో 38 వేలమంది మరణించారు. సుమిదా నది అక్కడికి కూతవేటు దూరంలో ఉన్నది.

భూకంపం పోయాక మరొక ఘోరం జరిగింది. కొరియావాళ్ళు బావుల్లో విషం కలుపుతున్నారని ఎవరో పుకారు లేవదీశారు. దాన్ని నమ్మి నగరంలోనూ, చుట్టుపక్కలా అనేకమంది కొరియావాళ్ళను చంపేశారు. ఆ పుకారులో నిజం లేదు.

ఆ మైదానం తరవాత ఉద్యానవనమే అయింది. 1930లో అక్కడ మృతుల స్మారక మందిరం కట్టారు. కొరియా మృతులకు కూడా 1973లో ఒక శిల నిలిపారు. భూకంప మృతుల అస్థికలు మాత్రమే ఉండవలసిన ఆ మందిరంలోకి మరెన్నో వేల అస్థికలు వచ్చి చేరతవని కట్టినవాళ్ళు అనుకుని ఉండరు. యుద్ధం చివరి ఏట, 1945 మార్చి 10వ తేదీ తెల్లవారుజామున దాదాపు 300 అమెరికా విమానాలు వచ్చి ఈ పేట మీదా, ఇరుగుపొరుగు పేటల మీదా నిప్పు బాంబులు కురిపించినవి. ఒక్క రాత్రిలో సుమారు లక్షమంది చనిపోయారు. ఈసారి వంతెనలున్నవి. కాని ఈ ఒడ్డు జనం ఆ ఒడ్డుకూ, ఆ ఒడ్డు జనం ఈ ఒడ్డుకూ పరుగెత్తి వంతెనల నడుమ చిక్కుకుపోయారు. ఏటా మార్చి 10నా, సెప్టెంబరు 1నా ఆ మందిరంలో ప్రార్థనలు జరుగుతవి.

యుద్ధం ముగిశాక 1947లో హోంజోనూ, ముకోజిమానూ కలిపి ఒకే పేట చేసి సుమిదా అని పేరు పెట్టారు. పేట మళ్ళీ లేచింది. ఆటబొమ్మలు, గాజు సామాను, తోలు వస్తువులు చేసే చిన్న చిన్న కార్ఖానాలు వీధివీధినా వెలసినవి.

1970లలో షిరాహిగె అనే చోట ఒక విచిత్రమైన గోడ కట్టనారంభించారు. అది ఉత్త గోడ కాదు, జనం కాపురం ఉండే 13 అంతస్తుల భవనాల వరస. ఎత్తు 40 మీటర్లు, పొడవు కిలోమీటరు పైన. భవనానికీ భవనానికీ మధ్య ఇనుప తలుపులున్నవి. అవతల పాత ఇళ్ళు అంటుకుంటే తలుపులు మూసేస్తారు. ఇవతల నది దాకా ఉన్న తోటలో జనం తలదాచుకుంటారు. 1923 నాటి మైదానానికి లేనిది ఈ అడ్డుగోడే.

కాని ఇంత పెద్ద గోడ ప్రతి సందుకూ కట్టలేరు గదా! క్యోజిమా వంటి చోట్ల పాత నిప్పుల్లో కాలకుండా మిగిలిపోయిన కొయ్య ఇళ్ళ వరసలు నేటికీ ఉన్నవి. కొన్ని సందుల్లోకి అగ్నిమాపక యంత్రం దూరనే దూరదు.

ఇట్లా ఉండగా 1980లలో పేటకు ఇంకొక తంటా వచ్చిపడింది. నేలంతా సిమెంటూ, తారూ పరిచేసరికి పడిన వాన పడినట్టే మురుగు కాలువల్లోకి పోయేది. అవి చాలక మురుగు ఎదురుతన్ని ఇళ్ళలోకి వచ్చేది. పేట ఆరోగ్య విభాగంలో పనిచేసే మురాసే మకోతో అనే ఉద్యోగి ఈ సంగతి పరిశీలించాడు. టోక్యో తాగే నీళ్ళు ఎక్కడో కొండల్లో ఆనకట్టలు కట్టి తెచ్చుకునేవి. నెత్తిన పడే నీళ్ళనేమో మురుగులో కలుపుతున్నారు. కప్పు మీద పడిన నీటిని అక్కడికక్కడే పట్టి దాచితే వరదా తగ్గుతుంది, నిప్పుకు నీళ్ళూ దొరుకుతవి. ఇదీ ఆయన ఆలోచన.

అప్పుడే రియోగొకులో కొత్త సూమో మందిరం కట్టబోతున్నారు. దాని కప్పు మీది వాన పట్టమని పేటవాళ్ళు అడిగారు. 1985లో మందిరం తయారయేసరికి నేల కింద 1,000 ఘనమీటర్ల తొట్టి కూడా తయారైంది. కప్పు వైశాల్యం 8,400 చదరపు మీటర్లు. ఇక్కడ ఒక లెక్క చేద్దాం. ఒక చదరపు మీటరు చోటులో ఒక మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా ఒక లీటరు నీరు అవుతుంది. కనక ఆ కప్పు మీద ఒక మిల్లీమీటరు పడితే 8,400 లీటర్లు. తొట్టిలో పట్టేది 10 లక్షల లీటర్లు. సుమారు 120 మిల్లీమీటర్ల వానకు తొట్టి నిండిపోతుందన్నమాట. టోక్యోలో ఏడాదికి 1,500 మిల్లీమీటర్ల పైచిలుకు వాన పడుతుంది. ఆ నీటిని మరుగుదొడ్లకు వాడుతున్నారు. కొండల్లాంటి మల్లయోధులకు కూడా వాననీళ్ళే దిక్కు!

ఈ పేటలోనే స్కైట్రీ అనే శిఖరం ఉన్నది. ఎత్తు 634 మీటర్లు, అంటే 2,000 అడుగుల పైమాటే. 6ను ‘ము’ అనీ, 3ను ‘స’ అనీ, 4ను ‘షి’ అనీ చదివితే పాత సీమ పేరు ముసాషి వస్తుంది. 2011 మార్చి 11న గొప్ప భూకంపం వచ్చినప్పుడు అది ఇంకా కట్టుబడిలోనే ఉన్నది. ఏమీ చెక్కు చెదరలేదు. మరొక వారానికి పూర్తి ఎత్తు అందుకున్నది. 2012 మే 22న జనానికి తెరిచారు. యాత్రికులు పైకెక్కి దూరాలు చూస్తారు. దాని పాదాల వద్ద భూమిలో 2,600 టన్నులకు పైగా వాననీరు పట్టే తొట్లున్నవని అందరికీ తెలియదు.

మురాసే తరవాత బంగ్లాదేశ్ వెళ్ళి, బావి నీళ్ళలో పాషాణం ఉన్న పల్లెలలో వాననీటి తొట్లు పెట్టించాడు. పేటవాళ్ళు 1995 నుంచి, ఇంట్లో తొట్టి పెట్టుకునేవారికి ఖర్చులో కొంత ఇస్తున్నారు.

నాకు అన్నిటికన్నా నచ్చింది స్కైట్రీ కాదు, ‘రోజిసోన్’. రోజి అంటే సందు. సోన్ అనేది దేవతల పేర్ల చివర చేర్చే గౌరవపదం. సందును కాచే సామి అనుకోండి. చూడబోతే అది ఒక చేతిపంపు. పక్క ఇళ్ళ కప్పుల మీద పడిన వాన గొట్టాల గుండా భూమిలోని తొట్టిలోకి దిగుతుంది. కొన్నిటిలో మూడు టన్నులు పడితే, కొన్నిటిలో పది టన్నులు పడతవి. భూకంపం వచ్చి కుళాయిలు ఆగిపోయినా, కరెంటు పోయినా పంపు కొడితే నీళ్ళు వస్తవి. ఇవి పెట్టటం 1980లలో ముకోజిమా సందుల్లో మొదలైంది.

నిప్పు లేని రోజుల్లో ఆ నీళ్ళతో ఇరుగుపొరుగువారు గుమ్మాల ముందు పూలకుండీలు తడుపుకుంటారు. పిల్లలు పంపు కొట్టి ఆడుకుంటారు. కొట్టనివ్వటమే మంచిది, లేకపోతే పంపు తుప్పు పట్టిపోతుంది. ఖర్చయిన నీళ్ళు మళ్ళీ వాన పడగానే నిండుతవి.