పఫ్, లుఖ్మీ ఇంట్లోనే.. నాష్తాలో ప్రోటీన్ పెంచేదెలా?

హైదరాబాద్: దోమలగూడ, చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్.. ఈ చుట్టుపక్కల పొద్దున్నే బేకరీ షట్టర్ లేచిందంటే ఎగ్ పఫ్, కర్రీ పఫ్, ఖారా బిస్కట్, దిల్‌పసంద్ అన్నీ ట్రేల్లో రెడీ. స్కూలుకు వెళ్లే పిల్లలు, ఆఫీసుకు పరిగెత్తేవాళ్లు, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో, అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో పోటీ పరీక్షలకు చదివే యువత.. వీళ్లలో చాలామందికి ఒక పఫ్, ఒక చాయ్‌తో నాష్తా అయిపోయినట్టే. అప్పటికి ఆకలి తీరుతుంది. కానీ పదకొండు కొట్టకముందే మళ్లీ ఏదో ఒకటి తినాలనిపిస్తుంది. ఎందుకిలా? ఆ పఫ్‌లో అసలు ఏముంది? రుచి పోకుండా ఇంట్లోనే మేలైనది చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. దానికి పెద్ద ఓవెన్ గానీ, డబ్బాల్లో వచ్చే ప్రోటీన్ పౌడర్ గానీ అక్కర్లేదు. వంటింట్లో ఉండే శనగపిండి, గుడ్లు, పెరుగు, పన్నీర్, ఖీమాతోనే పని అవుతుంది.

రోజుకు ఎంత కావాలి?

మన దేశంలో ఎవరు ఎంత తినాలో లెక్కలు చెప్పే జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్) మన తార్నాకలోనే ఉంది. 1918లో కూనూరులో చిన్న పరిశోధన విభాగంగా మొదలై, 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. ఈ సంస్థ లెక్క ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు ఒక్కో కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. అంటే 60 కిలోలున్న మనిషికి రోజుకు సుమారు 50 గ్రాములు. మూడు పూటలకు పంచితే నాష్తాలో 15 నుంచి 17 గ్రాములు రావాలి.

ఇప్పుడు పఫ్ సంగతి చూద్దాం. ఎగ్ పఫ్‌లో సాధారణంగా ఉండేది అర గుడ్డు. దాంతో వచ్చేది 3 గ్రాములు. మైదా పొరల నుంచి ఇంకో 3, 4 గ్రాములు. మొత్తం కలిపినా 7 దాటదు. కర్రీ పఫ్‌లో ఆలుగడ్డే ఎక్కువ కాబట్టి ఇంకా తక్కువ. మిగతాదంతా మైదా, కొవ్వు. మైదా త్వరగా అరిగి షుగర్‌ను త్వరగా పెంచుతుంది. ప్రోటీన్, పీచు రెండూ తక్కువైతే కడుపు నిండిన ఫీలింగ్ ఎక్కువసేపు నిలవదు. పదకొండు గంటల ఆకలికి కారణం ఇదే.

ఇది ఒక్క ఆకలి విషయమే అయితే ఇంత ఆలోచించక్కర్లేదు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్‌తో ఉన్నారు. ఇంట్లో ఒకరికైనా షుగర్ లేని కుటుంబం దొరకడం కష్టమైన రోజులివి. పిల్లలకు చిన్నప్పటి నుంచే ఏ నాష్తా అలవాటు చేస్తున్నామన్నది అందుకే ముఖ్యం.

పఫ్ పొరల్లో దాగున్నదేంటి?

పఫ్ పొంగడానికి ఈస్ట్ కారణం కాదు, సోడా కూడా కాదు. మైదా ముద్ద మధ్యలో గట్టి కొవ్వు పెట్టి, మడిచి, ఒత్తి, మళ్లీ మడిచి పదుల కొద్దీ పొరలు చేస్తారు. ఓవెన్ వేడికి పిండిలోని నీళ్లు ఆవిరవుతాయి. పొరల మధ్య కొవ్వు ఆ ఆవిరిని ఆపుతుంది, పొర పైకి లేస్తుంది. అంటే కొవ్వు తగ్గిస్తే ఆ పొరలు రావు. "లైట్ పఫ్" అనేది మాటల్లోనే గానీ చేతల్లో కుదరదు.

బేకరీల్లో వెన్నకు బదులు మార్జరిన్, వనస్పతి వాడకం మామూలే. ఒకప్పుడు వీటిలో గుండెకు చేటు చేసే ట్రాన్స్ ఫ్యాట్ ఎక్కువగా ఉండేది. నూనెలు, కొవ్వుల్లో ఇది 2 శాతం మించకూడదని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పెట్టిన నిబంధన 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. మంచి మార్పే. అయితే ట్రాన్స్ ఫ్యాట్ తగ్గినంత మాత్రాన శాచురేటెడ్ కొవ్వు పోదు.

కాబట్టి ఇంట్లో చేసేటప్పుడు పఫ్‌ను పఫ్‌లాగే కాపీ కొట్టడం కంటే, మన హైదరాబాదీ లుఖ్మీ దారి పట్టడం తెలివైన పని. పెళ్లి దావత్‌ల్లో వడ్డించే ఈ నాలుగు మూలల ఖీమా సమోసాకు పొరల గొడవ లేదు. నూనెలో వేయించకుండా బేక్ చేస్తే చాలు.

పిండి కలపడంలోనే కిటుకు

మైదా మొత్తం తీసేసి గోధుమపిండి ఒక్కటే వేస్తే గట్టిగా, చెక్కలా వస్తుందని చాలామంది ఫిర్యాదు. గోధుమపిండిలో ఉండే పొట్టు నీళ్లను మెల్లగా పీల్చుకోవడమే దానికి కారణం. నీళ్లు కొంచెం ఎక్కువ పోసి, తడి బట్ట కప్పి అరగంట వదిలేస్తే ముద్ద మెత్తబడుతుంది. పెరుగు వేస్తే ఇంకా మేలు.

శనగపిండి వేస్తే ప్రోటీన్ పెరుగుతుంది. 100 గ్రాముల గోధుమపిండిలో సుమారు 11 గ్రాములుంటే శనగపిండిలో 20 నుంచి 22 దాకా ఉంటుంది. అయితే శనగపిండిలో సాగే గుణం లేదు. ఎక్కువైతే ముద్ద విరిగిపోతుంది, పచ్చి వాసన వస్తుంది. మూడు పాళ్లు గోధుమ, ఒక పాలు శనగ.. ఈ కొలత దాటకపోతే మంచిది. ఇందులో ఇంకో లాభం కూడా ఉంది. ధాన్యాల్లో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పప్పుల్లో అది ఎక్కువ. రెండూ కలిస్తే ఒకదాని లోటు ఇంకోటి తీరుస్తుంది. ధాన్యం, పప్పు 3:1లో కలిపి తినమని ఎన్‌ఐఎన్ చెప్పేది ఇందుకే.

బేక్ చేసిన ఖీమా లుఖ్మీ (8 ముక్కలు)

పిండికి: గోధుమపిండి 150 గ్రాములు, శనగపిండి 50 గ్రాములు, పెరుగు 80 గ్రాములు, నూనె 2 టేబుల్ స్పూన్లు, బేకింగ్ పౌడర్ అర టీ స్పూన్, ఉప్పు అర టీ స్పూన్, తగినన్ని నీళ్లు.

లోపలికి: చికెన్ ఖీమా 250 గ్రాములు, ఉల్లిగడ్డ, అల్లం వెల్లుల్లి, పచ్చిమిర్చి, కొత్తిమీర, పుదీనా, గరం మసాలా, ఒక టేబుల్ స్పూన్ నూనె.

ఖీమాను ముందే పూర్తిగా ఉడికించి, తడి ఆరేదాకా వేయించి చల్లార్చాలి. తడి మిగిలితే అడుగు పొర పచ్చిగా ఉండిపోతుంది. పిండి కలిపి అరగంట ఆగాక 8 ఉండలు చేసి, నలుచదరంగా ఒత్తి, ఖీమా పెట్టి అంచులు ఫోర్క్‌తో అదిమి మూసేయాలి. పైన కొంచెం పాలు రాసి, ముందుగా 200 డిగ్రీలకు వేడి చేసిన ఓవెన్‌లో 20 నుంచి 25 నిమిషాలు ఉంచాలి.

లెక్క ఇదీ: గోధుమపిండి నుంచి 16 గ్రాములు, శనగపిండి నుంచి 10, పెరుగు నుంచి 2, ఖీమా నుంచి 50. మొత్తం 78. ఒక్కో ముక్కకు దాదాపు 10 గ్రాములు. కేలరీలు 180 దగ్గర. రెండు తింటే నాష్తా ప్రోటీన్ పూర్తిగా వచ్చేసినట్టే. మాంసం వద్దనుకునే రోజు 60 గ్రాముల సోయా గ్రాన్యూల్స్ నానబెట్టి, పిండి, అదే మసాలాతో చేసుకోవచ్చు. వాటితో 30 గ్రాములు వస్తుంది.

గుడ్డు-పన్నీర్ మఫిన్ (8 ముక్కలు)

పిండి ఒత్తే ఓపిక లేనివాళ్లకు ఇది సులువు. నాలుగు గుడ్లు గిలకొట్టి, 60 గ్రాముల శనగపిండి, 60 గ్రాముల పెరుగు, 100 గ్రాముల పన్నీర్ తురుము, రెండు టేబుల్ స్పూన్ల నూనె, అర టీ స్పూన్ బేకింగ్ పౌడర్, ఉల్లిగడ్డ, క్యాప్సికం, కొత్తిమీర, ఉప్పు, మిరియాల పొడి కలపాలి. నూనె రాసిన కప్పుల్లో ముప్పావు వంతు పోసి 180 డిగ్రీల్లో 20 నిమిషాలు బేక్ చేయాలి. పుల్ల గుచ్చి చూస్తే తడి అంటకూడదు. ఒక్కోదానిలో సుమారు 7 గ్రాములు.

పన్నీర్ ఇంట్లోనే చేసుకుంటే మిగిలిన నీళ్లు పారబోయొద్దు. లుఖ్మీ పిండి ఆ నీళ్లతోనే కలిపితే రుచి పెరుగుతుంది, కొంత ప్రోటీన్ కూడా దక్కుతుంది.

తీపి కావాలనే పిల్లలకు

దిల్‌పసంద్ రుచి మరిగిన పిల్లలకు చక్కెర లేకుండా ఖర్జూరం బన్ను పెట్టొచ్చు. గోధుమపిండి 200 గ్రాములు, వెన్న తీసిన పాలపొడి 30 గ్రాములు, ఒక గుడ్డు, ఒక టీ స్పూన్ ఇన్‌స్టంట్ ఈస్ట్, చిటికెడు ఉప్పు, ఒక టేబుల్ స్పూన్ నూనె వేసి గోరువెచ్చని పాలతో మెత్తగా కలపాలి. గంట, గంటన్నరలో పొంగుతుంది. 100 గ్రాముల ఖర్జూరం గుజ్జు, 60 గ్రాముల వేయించిన పల్లీల పొడి కలిపి లోపల పెట్టి, 8 బన్నులు చేసి, ఇంకో అరగంట ఆగి 180 డిగ్రీల్లో 20 నిమిషాలు బేక్ చేయాలి. ఒక్కోదానిలో దాదాపు 7 గ్రాములు. ఒకటి గుర్తుంచుకోవాలి: ఖర్జూరం తీపి కూడా తీపే. షుగర్ ఉన్నవాళ్లు దీన్ని చూసి తినాలి.

ఓవెన్ లేకపోతే?

మందపాటి అడుగున్న పాత కడాయిలో రెండు వేళ్ల మందాన ఉప్పు పోసి, మీద స్టాండ్ పెట్టి, గట్టి మూతతో పది నిమిషాలు వేడి చేయాలి. తర్వాత ప్లేట్ పెట్టి సన్నని మంట మీద 30, 35 నిమిషాలు ఉంచితే లుఖ్మీ తయారు. పైన రంగు తక్కువగా వస్తే చివర్లో పెనం మీద తిప్పితే సరిపోతుంది. ప్రెషర్ కుక్కర్‌ను నీళ్లు లేకుండా ఇలా వేడి చేస్తే పాడయ్యే అవకాశం ఉంది, కడాయే నయం.

హలాల్ విషయంలో ఏం చూడాలి?

ఇంట్లో చేసుకోవడంలో పెద్ద నిశ్చింత ఇక్కడే ఉంది. ఖీమా ఎక్కడిదో తెలుసు, కొవ్వు ఏదో తెలుసు. బయట కొనే సామాన్ల మీద మాత్రం కన్ను వేయాలి. వెనిలా ఎసెన్స్‌లో ఆల్కహాల్ ఉండొచ్చు, బదులుగా యాలకుల పొడి వాడొచ్చు. ఈ471 అనే ఎమల్సిఫయర్ మొక్కల నుంచి రావొచ్చు, జంతువుల కొవ్వు నుంచీ రావొచ్చు. ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉంటే అది శాకాహారం నుంచి వచ్చినట్టు. జెలటిన్ ఉంటే మూలం తెలుసుకోకుండా కొనకపోవడం మేలు.

"బ్రౌన్", "మల్టీగ్రెయిన్" అనే పేర్లు చూసి మోసపోవద్దు. ప్యాకెట్ వెనక పదార్థాలను ఎక్కువ బరువున్నది ముందు వచ్చేలా రాయాలన్నది నిబంధన. మొదటి పేరే మైదా అయితే రంగు ఏదైనా అది మైదా బ్రెడ్డే.

సహరీకి, టిఫిన్ బాక్సుకి

లుఖ్మీలు ఒత్తి, బేక్ చేయకుండానే ఫ్రీజర్‌లో పెట్టి రెండు వారాల్లో వాడుకోవచ్చు. సహరీలో లేవగానే నేరుగా ఓవెన్‌లో పెడితే 30 నిమిషాల్లో అవుతాయి. రెండు లుఖ్మీలు, ఒక గ్లాసు మజ్జిగ, ఒక పండు.. కడుపులో ఎక్కువసేపు నిలిచే సహరీ ఇది. ఖీమాలో ఉప్పు తక్కువ వేయాలి, లేకపోతే రోజాలో దాహం వేధిస్తుంది. బేక్ చేసినవి ఫ్రిజ్‌లో రెండు రోజులకు మించి పెట్టొద్దు.

టిఫిన్ బాక్సులో పక్కన మయోనైజ్ పెట్టే అలవాటు ఉంటే మానుకోవడం మంచిది. పచ్చి గుడ్లతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాదిపాటు నిషేధించింది. కలుషిత ఆహారం కేసులే దానికి కారణం. గట్టి పెరుగులో పుదీనా, వెల్లుల్లి కలిపితే అంతకంటే రుచికరమైన చట్నీ తయారవుతుంది.

ఖర్చు ఎంత?

రేట్లు రోజూ మారతాయి గానీ లెక్క పద్ధతి ఒక్కటే: ధరను అందులోని ప్రోటీన్ గ్రాములతో భాగించాలి. శనగపిండి కిలో 100 రూపాయలు అనుకుంటే గ్రాము ప్రోటీన్ అర్ధరూపాయి లోపే. గుడ్డు 7 రూపాయలు అనుకుంటే రూపాయికి కొంచెం పైన. చికెన్ ఖీమా కిలో 320 అనుకుంటే 1.60. పన్నీర్ 200 గ్రాములు 90 అనుకుంటే రెండున్నర. అంటే బడ్జెట్ టైట్‌గా ఉన్న నెలలో శనగపిండి, గుడ్లు ముందు, పన్నీర్ తర్వాత. డబ్బాల ప్రోటీన్ పౌడర్ అవసరం లేదని ఎన్‌ఐఎన్ కూడా 2024 ఆహార మార్గదర్శకాల్లో సూచించింది.

ఎవరు జాగ్రత్త పడాలి?

కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు ప్రోటీన్ పెంచే ముందు డాక్టర్‌ను అడగాల్సిందే. పల్లీలు, గుడ్లు పడని పిల్లలకు అవి లేకుండా చేయాలి. షుగర్ మందులు వాడేవాళ్లు ఎన్ని ముక్కలు తింటున్నామో లెక్క పెట్టుకోవాలి. ఇంట్లో చేసింది కదా అని నాలుగైదు తింటే గోధుమపిండి కూడా షుగర్ పెంచుతుంది.

రోజూ బేక్ చేయడం ఎవరికీ కుదరదు. ఆదివారం ఒక గంట కేటాయించి 16 లుఖ్మీలు ఒత్తి ఫ్రీజర్‌లో పెడితే, నలుగురున్న ఇంటికి వారంలో రెండు నాష్తాలు సాగుతాయి. మిగతా రోజుల్లో పెసరట్టు, ఖిచ్డీ-ఖీమా, ఉడికించిన గుడ్లు ఉండనే ఉన్నాయి. ఎప్పుడైనా ఒకసారి బేకరీ పఫ్ తింటే తప్పేం లేదు. దాన్ని రోజువారీ నాష్తా లెక్కలో వేయకపోతే చాలు.