లారీ వెనుక యిరుసునకు కందెన



మన చిన్ననాట ఎడ్లబండి క్రింద కందెనగొట్టమొకటి వ్రేలాడుచుండెడిది. ఆముదములో కాలిన గడ్డిమసి రంగరించి, చీల తీసి, చక్రమును వెలికిలాగి, ఇరుసునకు దానిని పట్టించెడివారు. కందెన లేని బండి ఊరెల్ల వినునట్లు కీచుమని మొఱపెట్టెడిది; కావున ఏమఱుపాటునకు చోటుండెడిది కాదు. లారీ వెనుక యిరుసు అట్లు కాదు. పళ్లచక్రములన్నియు ఉక్కుపెట్టెలో మూతవడి యుండుటచే, అవి అఱచునది మనకు వినబడునప్పటికి చెడవలసినది చెడియే యుండును. గుండుగొలను మొదలు కొల్లేటి గట్లవఱకు తవుడును, ధాన్యమును, చేపలను మోయు పాతలారీలు పెక్కు కలవు. వానిని నడుపువారు కొడుకులు, మేనల్లుండ్రు; ఖర్చు వ్రాసికొనువారము మనము. కనుక ఆ పెట్టెలోని నూనెను గూర్చి మనమును కొంత యెఱిగియుండుట మేలు.

ఇంజనునుండి వెనుకకు వచ్చు పొడవైన కడ్డీ చివర పినియనను చిన్న పళ్లచక్రము కలదు. అది క్రౌనను పెద్ద పళ్లచక్రమును త్రిప్పును. క్రౌనుతో కూడి తిరుగు మఱికొన్ని చిన్న చక్రములను డిఫరెన్షియలందురు. మలుపులో వెలుపలి చక్రము ఎక్కువదూరము, లోపలి చక్రము తక్కువదూరము పోవలసియుండును గదా. ఆ తేడాను సరిపుచ్చునది యిదియే. పెక్కు లారీలలో పినియను క్రౌను నడిమికి సూటిగా కాక, కొంత క్రిందుగా అమర్చబడియుండును. ఈ యమరికకు హైపాయిడని పేరు. అమెరికాలో ప్యాకార్డు వారు 1926లో దీనిని కార్లయందు వాడిరి. బలమును, చప్పుడు లేమియు గలదగుటచే ఎల్లెడల వ్యాపించినది. దీనిలో నొక చిక్కు కలదు. పండ్లు ఒకదానిపై నొకటి దొరలుటయే కాక, పొడుగునను రాచుకొనుచు జాఱును. బరువుతో కూడిన ఆ రాపిడికి సామాన్యమైన నూనె నిలువక ప్రక్కకు నెట్టబడును. అందుచే ఈ నూనెలో గంధకము, భాస్వరము గల ద్రవ్యములు కలుపుదురు. పన్ను వేడెక్కినచోట అవి ఉక్కుతో కలిసి పలుచని పొరగా నేర్పడును. అరుగునది ఆ పొర గాని ఉక్కు కాదు. డబ్బా మూత తీయగనే వచ్చు ఘాటువాసన దీనిదే.

డబ్బాపై రెండు గుఱుతులుండును. జీయల్ 4, జీయల్ 5 అనునవి ఒత్తిడికి నిలుచు గుణమును దెలుపును. 90, 140 అనునవి చిక్కదనమును దెలుపును. ఒకటి గుణవాచకము, రెండవది సంఖ్యావాచకము; ఈ రెంటిని కలిపి చదువువారే యెక్కువ. హైపాయిడు క్రౌనునకు సాధారణముగా జీయల్ 5 కావలెను. ఆ డబ్బాలో మిగిలినది గదా యని గేరుబాక్సులో పోయరాదు. కొన్ని గేరుబాక్సులలోని కంచు, ఇత్తడి భాగములను అందలి గంధకద్రవ్యములు తినివేయును. దానికి జీయల్ 4 చెప్పబడియున్నచో అదియే పోయవలెను. మఱియొక భ్రమ: ఇంజను ఆయిలు 40 గనుక గేరు ఆయిలు 90 దానికి రెండింతల చిక్కనిదని. కాదు. రెండును వేఱువేఱు కొలబద్దలు. గేరు ఆయిలులో 90 అనగా ఇంజను కొలబద్దపై నించుమించు 40, 50 లకు సమానము. చిక్కనిదెల్ల మేలనుటయు సరికాదు. మిక్కిలి చిక్కని నూనె చల్లని వేళ పినియను బేరింగులకు త్వరగా చేరదు. దానిని చిలుకుటకు డీజిలు వ్యర్థమగును. లారీతో వచ్చిన పుస్తకము 80డబ్ల్యూ-90 అనిన అదియే. ఎండకును బరువునకును 85డబ్ల్యూ-140 పోయవచ్చునని పుస్తకమే చెప్పినచో అపుడది. ఇంజనునుండి తీసిన నల్లనూనెను ఇందులో పోయు పొదుపరులను నేనెఱుగుదును. అది పొదుపు కాదు.

ఇక నీటిమాట. మన యూరి పేరులోనే కొలను కలదు. మన బండ్లకు నీరు తప్పదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి కొల్లేటిలో నీరు పెరిగిన దినములలో నా మేనల్లుని లారీ తవుడు బస్తాలతో మోకాలిలోతు నీటిలో పలుమాఱులు తిరిగెను. నీరు తీసిన పిమ్మట బ్రేకులు చూపించితిమి, ఇంజను ఆయిలు మార్పించితిమి. వెనుక యిరుసు మాట వానికి తోచలేదు, నాకును తోచలేదు. రెండు నెలలకు భీమడోలు దాటిన పిదప లారీ బరువుతో నిలిచిపోయెను. విప్పి చూడగా నూనె పాలు పోసిన కాఫీవలె నుండెను. పినియను బేరింగు త్రుప్పు తినెను, క్రౌను పండ్లు మూడు విరిగెను. ఆ యేటి బాడుగలో మిగిలినదంతయు ఆ రెండు చక్రములకే చెల్లెను. ఆ లెక్క వ్రాసిన చేయి నాదే.

నీరు లోనికెట్లు పోయినదనగా: నడచిన బండి యిరుసు వేడిగా నుండును, అందలి గాలి వ్యాకోచించియుండును. చల్లని నీటిలో మునిగినంతనే ఆ గాలి ముడుచుకొని, వేడిచెంబు బోర్లించిన విధమున, నీటిని లోనికి పీల్చును. పెట్టె నెత్తిన ఊపిరి విడుచుటకు బ్రీదరను చిన్న గొట్టమున్నది. అది బురదతో మూసికొనిపోయినచో ఆ పీల్పు సీళ్ల అంచులపై పడును. బండి వేడెక్కినపుడు మరల నూనెయే ఆ అంచులగుండ బయటికి వచ్చును. కావున నీటిలో దిగిన బండికి గడువు చూడనక్కఱలేదు. నూనె తెలుపెక్కెనేని వెంటనే మార్పింపవలెను.

మార్చు దినమున బండిని కొన్ని మైళ్లు నడిపి, నూనె వెచ్చబడిన పిదప సమతలమున నిలిపి, చక్రములకు అడ్డురాళ్లు పెట్టవలెను. మొదట విప్పవలసినది పోయు రంధ్రపు ప్లగ్గు, దింపు రంధ్రపు ప్లగ్గు కాదు. నూనె దింపిన పిదప పైప్లగ్గు పట్టుకొని రాకున్నచో బండి అచ్చటనే చిక్కును! దింపు ప్లగ్గునకు అయస్కాంతమున్నచో దానిని చూడుడు: బూడిదవంటి మెత్తని పొడి సహజము, రవ్వలును ముక్కలును కనబడినచో మేస్త్రీని పిలువవలెను. కిరసనాయిలుతో కడుగు వాడుక కలదు గాని, అది మూలల మిగిలి క్రొత్తనూనెను పలుచన చేయును. నూనె రంధ్రపు అంచున కాఱునంతవఱకు పోసి, కొంతసేపు ఆగి, మరల చూడవలెను. అంతకు మించి నింపరాదు. మిగులునది యిరుసు గొట్టములవెంట చక్రములకు చేరి బ్రేకు లైనింగులను తడుపవచ్చును. తడిసినచో ఆగవలసిన బండి ఆగదు, ఎదుట బడిపిల్లలుండవచ్చును.

దింపిన నూనెను కాలువలోను చెఱువుగట్టునను పోయరాదు. డబ్బాలకెత్తి, పాతనూనె కొనుటకు అనుమతి గలవారికే ఈయవలెను. బ్రీదరును ఊది శుభ్రపఱచి, రెండు ప్లగ్గులును బిగించి, మఱునాడు బండి తిరిగివచ్చిన పిదప క్రింద తెల్లకాగితము పఱచి చూడుడు. చుక్క పడకున్నచో తేదీయు, కిలోమీటర్లును లెక్కపుస్తకములో వ్రాసికొనవచ్చును.