పీత మాంసము - పోషక విలువలు

పీత లేదా ఎండ్రకాయ పది కాళ్ళు గల క్రస్టేషియన్ జీవి. ఆంధ్రప్రదేశ్ తీరములోని మడ అడవులలో లభించే సిల్లా ప్రజాతి పీతలను మండపీతలు అంటారు. వీటి మాంసము బలవర్ధకమైన ఆహారము.

పోషకాలు

ఉడికించిన అట్లాంటిక్ నీలి పీత మాంసము 100 గ్రాములలో సుమారు 83 కిలోకేలరీల శక్తి, 18 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. కొవ్వు 1 గ్రాము కన్నా తక్కువ. పిండిపదార్థాలు దాదాపు ఉండవు. విటమిన్ బి12 సుమారు 3 మైక్రోగ్రాములు లభిస్తుంది. పెద్దవారికి రోజుకు 2.4 మైక్రోగ్రాములు సరిపోతుంది. జింకు, సెలీనియం, రాగి కూడా పుష్కలంగా ఉంటాయి. సోడియం ఎక్కువ కనుక అధిక రక్తపోటు గలవారు మితంగా తినవలెను.

జాగ్రత్తలు

* పీతలోని ట్రోపోమయోసిన్ అనే మాంసకృత్తి కొందరిలో తీవ్రమైన ఎలర్జీ కలిగిస్తుంది. ఇది ఉడికించినా నశించదు.
* డిప్ప లోపలి గోధుమరంగు భాగములో కాడ్మియం వంటి లోహాలు పేరుకొనవచ్చును. కాళ్ళలోని తెల్లని మాంసములో ఇవి తక్కువ.
* మంచినీటి పీతలను పచ్చిగా గాని, సగం ఉడికించి గాని తింటే పారగోనిమస్ అనే పరాన్నజీవి ఊపిరితిత్తులలో చేరుతుంది. మణిపూర్, అరుణాచల్ ప్రదేశ్ రాష్ట్రాలలో ఈ వ్యాధి కనిపిస్తుంది. దగ్గు, కఫములో రక్తము వంటి లక్షణాల వలన దీనిని క్షయగా పొరబడి మందులు వాడిన సందర్భాలున్నాయి. పీతలను పూర్తిగా ఉడికిస్తే ఈ పరాన్నజీవి నశిస్తుంది.