ఉద్దానపు పొట్టితోక కోతి - గోదావరి ఎల్ల

అమెజాన్ పరీవాహకంలో ఏటా నెలల తరబడి వరదనీట మునిగి ఉండే అడవులలో ఉకారి అనే ఎర్రముఖపు కోతి నివసిస్తుంది. దక్షిణ అమెరికా కోతులు సాధారణంగా దీర్ఘవాలం గలవి. ఉకారి తోక మాత్రం సుమారు 15 సెంటీమీటర్లే, అంటే తల, మొండెం కలిసిన పొడవులో మూడో వంతు. తక్కిన కోతుల నుండి దానిని వేరుచేసే తొలి గుర్తు ఈ తోకే.

తోక కొలతకు ఇటువంటి ప్రాముఖ్యమే ఉన్న సందర్భం తెలుగునేల మీదా ఉంది. మహేంద్రతనయ సముద్రంలో కలిసే బారువ నుండి పలాస వైపు సాగే ఉద్దానపు కొబ్బరి, జీడి తోటలలో తిరిగేది రీసస్ కోతి. దాని తోక శరీరంలో సగానికి మించదు. దక్షిణాదికే పరిమితమైన టోపీ కోతికి తోక శరీరమంత, ఒక్కొక్కప్పుడు అంతకన్న ఎక్కువ పొడవు ఉంటుంది. రెండూ మకాకా ప్రజాతికి చెందినవే. పడమట తపతి, తూర్పున గోదావరి ఈ రెండింటికీ సహజమైన ఎల్లలని జంతుశాస్త్రజ్ఞులు చాలాకాలం భావించారు.

ఆ ఎల్ల ఇప్పుడు చెరిగిపోతున్నది. రీసస్ కోతి గోదావరిని దాటి దక్షిణానికి విస్తరిస్తున్నదనీ, టోపీ కోతి తన ఉత్తరపు నెలవులను కోల్పోతున్నదనీ సింధు రాధాకృష్ణ, అనింద్య సిన్హా తదితరులు 2011లో ప్రకటించిన పరిశోధన పత్రం నిరూపించింది. ఊళ్లలో పట్టిన కోతులను దూరాన విడిచిపెట్టడం ఇందుకొక కారణం. లేత కొబ్బరికాయలు నేలరాలిన రైతుకు కోతి తన తోట దాటితే చాలు, అది సహజమే. అయితే అది చేరిన చోట బలమైన రీసస్ గుంపుల ఎదుట టోపీ కోతికి నిలువ నీడ ఉండదు. ప్రపంచవ్యాప్తంగా రీసస్‌కు ముప్పు లేదు. టోపీ కోతి మాత్రం అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘపు జాబితాలో దుర్బల శ్రేణికి చేరింది. 2022 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్ట సవరణ రీసస్‌ను రక్షిత జాబితాల నుండి తొలగించింది, టోపీ కోతిని ఉంచింది. కనుక బోనులో పడినది ఏ కోతి అన్న ప్రశ్నకు చట్టరీత్యానూ విలువ పెరిగింది.

గాయాలతో తోక తెగిన కోతులూ లేకపోలేదు. అప్పుడు నడినెత్తి నుండి చుట్టూ పరచుకున్న వెంట్రుకల టోపీ ఒక జాతిని, నడుము కింది నారింజ ఛాయ మరొక జాతిని పట్టిస్తాయి.