మండువా ఇల్లు పడగొట్టే ముందు



సెలవులకు గుడివాడ వైపు పల్లెకో, బందరులోని పాత వీధికో వెళ్లినప్పుడు మీరు మండువా లోగిలి చూసే ఉంటారు. "పాతకొంప, చాకిరీ ఎక్కువ" అని ముందుగా విసుక్కునేది మనమే. నిజమే, ఊడ్చేసరికి నడుం పడిపోతుంది. కాని ఆ ఇంటిలోని తెలివి ఏమిటో ఒకసారి చూద్దామా?

ఇంటి నడిమధ్య ఆకాశం కనిపించే చోటే మండువా. నాలుగు వైపులా పెంకుల కప్పు దానిలోకి వాలి ఉంటుంది. వేసవిలో వేడెక్కిన గాలి అందులోంచి పైకి పోతుంది. వీధి గుమ్మం నుంచీ, పెరటి గుమ్మం నుంచీ కొత్త గాలి వస్తుంది. తలుపులు వేసుకున్నా వెలుతురుకు లోటుండదు. వానొస్తే చూరునీళ్లు గంగాళాల్లో పట్టుకునేవారు. మిగిలినవి తూములోంచి బయటికి పోయేవి. పల్లపు నేల గనుక అరుగులు ఎత్తుగా కట్టారు.

దివిసీమలో చుట్టిల్లు సంగతి వేరు. గుండ్రని మట్టిగోడ, కిందికంటా దిగిన తాటాకు కప్పు. మూలలు లేవు గనుక గాలి చుట్టు తిరిగి పోతుంది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన ముందు మాత్రం ఆ తెలివి చాలలేదు. గాలి వేరు, సముద్రం వేరు కదండీ!

ఇంగ్లండులో పాత రైతుల ఇళ్లను కూడా జాబితాకెక్కిస్తారు. ఆ ఇంటి రూపు మార్చాలంటే సొంతదారైనా అనుమతి తీసుకోవలసిందే. మన 1958 నాటి కేంద్ర చట్టం జాతీయ ప్రాముఖ్యం గల కట్టడాలకే. అత్తవారి మండువాకు కాపలా మనమే.

అందుకు మూడు మాటలు. సున్నపు గోడకు సిమెంటు పూత వేయించకండి. నేలచెమ్మ సున్నంలోంచి ఆరిపోతుంది. సిమెంటు వేస్తే లోపలే నిలిచి గోడను తినేస్తుంది. పగిలిన పెంకును తొలకరికి ముందే మార్పించండి. లేకపోతే వాసం పుచ్చుతుంది. అన్నదమ్ముల పంపకాల్లో మండువాకు అడ్డంగా గోడ లేపనివ్వకండి. అది లేచిందా, ఇద్దరి ఇళ్లకూ ఊపిరాడదు.

పడగొట్టక తప్పదంటారా? ముందు కొలతలు రాయించి, ఫోటోలు తీయించండి. ఏ గదిని ఏమనేవారో అత్తగారిని అడిగి రాసుకోండి. ఇల్లు పోయినా, అందులో మన పెద్దలు ఎలా బ్రతికారో పిల్లలకు తెలియాలి కదా!

సెలవు.