కంచర గాడిదలున్న నాణెం

క్రీ.శ. 69లో రోమ్‌ను ఏలిన నలుగురిలో రెండోవాడు ఓథో. గద్దె మీద ఉన్నది మూడు నెలలే, అవీ అంతర్యుద్ధంతో గడిచాయి. అయినా అతను కొట్టించిన నాణేల మీద ‘లోకమంతటా శాంతి’ అని ఉంటుంది. ఏప్రిల్‌లో యుద్ధం ఓడి ప్రాణం తీసుకున్నాడు.

రోమన్లు సద్గుణాలను దేవతలుగా కొలిచేవారు. నాణెం బొరుసు వైపు చూస్తే చదువు రానివారూ పోల్చుకోవచ్చు: చేతిలో ఆలివ్ కొమ్మ ఉంటే శాంతి, త్రాసు ఉంటే సమన్యాయం, లెక్కల పలక ఉంటే దాతృత్వం. చక్రవర్తి కలిగులా అయితే తన ముగ్గురు చెల్లెళ్లనే భద్రత, సామరస్యం, అదృష్ట దేవతలుగా నిలబెట్టాడు. ఒకామె 38లో పోయింది. మిగిలిన ఇద్దరినీ మరుసటి ఏడు ఆయనే దీవులకు వెళ్లగొట్టాడు.

రోమ్‌ను ఉమ్మడిగా ఏలిన కారకల్లా, గేటా అన్నదమ్ములు చేతులు కలిపిన నాణెం ‘సామరస్యం’ పేరుతోనే వెలువడింది. 211 డిసెంబరులో తల్లి ఒడిలో ఉండగానే గేటాను అన్న చంపించాడు. ఆ తర్వాత తూర్పు నగరాల్లో కొన్ని నాణేల మీద గేటా ముఖాన్ని ఉలితో చెక్కేశారు.

మన దేశంలో దొరికిన రోమన్ చక్రవర్తి ఆగస్టస్ వెండి నాణేల్లో చాలావాటి మీద డాళ్లు, ఈటెలతో ఇద్దరు కుర్రాళ్లు కనిపిస్తారు. వాళ్లు అతని కూతురి కొడుకులు గయస్, లూసియస్. వారసులు వీరేనని చాటడానికి వేసిన బొమ్మ అది. ఇద్దరూ చిన్న వయసులోనే పోయారు. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో ఆగస్టస్, అతని తర్వాత ఏలిన టైబీరియస్‌ల వెండి నాణేలు వెయ్యికి పైగా బయటపడ్డాయి.

అన్నిటికన్నా నా మనసు దోచింది నెర్వా చక్రవర్తి 97లో వేయించిన పెద్ద నాణెం. బొరుసు మీద దేవతా లేదు, విజయమూ లేదు. రెండు కంచర గాడిదలు చెరో వైపు తిరిగి గడ్డి మేస్తున్నాయి. వెనక విప్పి వదిలేసిన బండి, పైకి లేచిన దాని కాడి. అధికారుల ప్రయాణాలకు బండ్లూ పశువులూ సమకూర్చే భారం ఇటలీ జనం మీద ఉండేది. దాన్ని ఎత్తేసిన సంగతినే చుట్టూ ఉన్న అక్షరాలు చెబుతాయి. కాడి దిగిన పశువుకు, బరువు దిగిన రైతుకు ఇంతకంటే మంచి బొమ్మ ఎవరు గీయగలరు!

ఇలాగే జనం భారం దించిన మరో చక్రవర్తి హేడ్రియన్. ఆయన 118లో పాత పన్ను బకాయిలు మాఫీ చేసి, పత్రాలను రోమ్‌లోని ట్రాజన్ ఫోరమ్ అనే కూడలిలో తగలబెట్టించాడు. నాణెం మీద ఒక భటుడు కాగడాతో ఆ కుప్పకు నిప్పంటిస్తుంటాడు. మాఫీ చేసిన మొత్తం కూడా నాణెం మీదే అచ్చు వేయించారు: 90 కోట్ల సెస్టెర్షియస్‌లు (రోమన్ నాణేలు).